కోడలిని ఏడిపించే బంగాళాదుంప

మన సంఘాలలో ప్రేమవిందు అంటే అన్నం, పప్పుచారు, వాటితోపాటు బంగాళాదుంప కూర. వంకాయ ధర పెరిగినా, బెండకాయ ముదిరినా, దుంప మాత్రం మాట తప్పదు. కోస్తావారు బంగాళాదుంప అంటారు. తెలంగాణవారు ఆలుగడ్డ అంటారు. రాయలసీమవారికి అది ఉర్లగడ్డ. ఇంతగా మన ఇంటిదైపోయిన ఈ దుంప పేరు బైబిలు గ్రంథంలో ఎక్కడా కనబడదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు ఐగుప్తు కూరలను తలచుకొని ఏడ్చినప్పుడు కీరకాయలు, ఉల్లి, వెల్లుల్లి గుర్తుకొచ్చాయి గాని దుంప గుర్తుకు రాలేదు. ఎలా వస్తుంది? ఆ దినాలలో అది ఐగుప్తుకు తెలియదు, కనానుకు తెలియదు, మన దేశానికీ తెలియదు. మహాసముద్రానికి అవతల, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల మీద కొన్ని రైతు కుటుంబాల చేలల్లో మాత్రమే అది ఊరుతూ ఉండేది.

ఆ కుటుంబాల సంతతివారు నేటికీ అక్కడే ఉన్నారు. అదే పంట పండిస్తున్నారు. వారి సేద్యం ఎలాంటిదో, ఆ సేద్యంలోని ఒక్క సంగతి కొరవడిన మరొక దేశంలో ఏమి జరిగిందో ఈ నెల చెప్పుకొందాం.

పెరూ, బొలీవియా దేశాల సరిహద్దులో టిటికాకా అనే పెద్ద సరస్సు ఉంది. దాని చుట్టుపట్ల కొండలలో ఏడెనిమిది వేల ఏండ్ల క్రితమే మనుష్యులు అడవి దుంపను చేనిదుంపగా మార్చుకొన్నారు. అక్కడి రైతులు క్వెచువా, ఐమారా భాషలు మాట్లాడే ప్రజలు. సముద్రమట్టానికి మూడున్నర వేల మీటర్ల నుంచి నాలుగు వేల మీటర్ల ఎత్తున వారి చేలు ఉంటాయి. మన తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే అని గుర్తు చేసుకొంటే ఆ ఎత్తు ఎంతో తెలుస్తుంది. రాత్రివేళ నీరు గడ్డకట్టే చలి. పగలు చర్మం కాలే ఎండ. వరి ఆ ఎత్తున బ్రతకదు, మొక్కజొన్న కూడా కిందనే ఆగిపోతుంది. దుంప మాత్రం తట్టుకొని నిలుస్తుంది.

అక్టోబరు, నవంబరు నెలలలో వానలు మొదలుకాగానే దుక్కి ఆరంభమవుతుంది. కొండవాలున ఎద్దులు నిలువలేని చోట నాగలి పనికిరాదు. అందుకని 'చాకితాక్లా' అనే పనిముట్టు వాడతారు. మనిషెత్తు కర్ర, కొసకు ఇనుప మొన, కింద పాదం మోపడానికి ఒక అడ్డకర్ర, చేతికి పట్టుకొనే పిడి. మన గునపం కాస్త నాగలి గుణం నేర్చుకొంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఇద్దరు మగవారు పక్కపక్కన నిలబడి ఒకేసారి పాదంతో అదిమి, ఒకేసారి పిడిని వెనక్కు వంచుతారు. పెద్ద మట్టిపెళ్ల లేస్తుంది. ఎదుట కూర్చున్న స్త్రీ ఆ పెళ్లను రెండు చేతులతో పట్టి తిరగవేస్తుంది. ముగ్గురిలో ఒక్కరు లేకపోయినా పని సాగదు. ఒక్క కుటుంబంలో అంతమంది దొరకరు కాబట్టి, ఈ రోజు నీ చేలో మేము, రేపు మా చేలో నీవు అన్నట్లు చేసుకొంటారు. దీనికి వారి భాషలో 'ఐని' అని పేరు. డబ్బు లెక్క ఉండదు గాని, దినం లెక్క తప్పకుండా ఉంటుంది. కూలీల ధర పెరగకముందు మన పల్లెల్లోనూ నాట్లకు, కోతలకు ఇలాగే ఒకరికొకరు బదులు వెళ్లేవారని పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది.

గొర్రె పెంట, లామా అనే ఆ దేశపు జంతువు పెంట ఎరువుగా వేసి, విత్తనపు దుంపను చాలులో పెడతారు. చాలా ఊళ్లలో విత్తనం పెట్టవలసింది స్త్రీయే. ఒక చేను వరుసగా ఏండ్ల తరబడి దుంప వేయరు. ఒక ఏడాది దుంప, ఆ తరువాత మరో దుంపజాతి పంటో, బార్లీయో, చిక్కుడుజాతి పంటో వేసి, ఆపై కొన్నేండ్లు బీడుగా విడిచి గొర్రెలను మేపుతారు. ఏ దిక్కు భూమికి ఏ ఏడాది విశ్రాంతి అనేది ఊరంతా కూర్చొని తేల్చుకొనే సంగతి. మోషే ధర్మశాస్త్రంలో భూమికి ఏడవ ఏట విశ్రాంతి నియమించబడిందని చదివిన మనకు ఇది వింతగా తోచదు.

ఇక అసలు సంగతి. మన రైతు ఒక చేలో ఒక రకం వేస్తాడు. ఆండీస్ రైతు అలా కాదు. ఒకే చేలో ఇరవై, ముప్పై రకాల దుంపలు కలగలిపి పెడతాడు. ఆ పర్వతాలన్నిటిలో కలిపి 4,000 రకాలకు పైగా ఉన్నాయి. తెల్లనివి, పచ్చనివి, ఎర్రనివి, కోసి చూస్తే లోపల కూడా ఊదారంగుగా ఉండేవి, గుండ్రనివి, పాములా మెలితిరిగినవి. పేర్లు వింటే నవ్వు వస్తుంది. ఒకటి 'ఆవు నాలుక', ఒకటి 'పూమా పంజా'. ఒకదాని పేరు 'కోడలిని ఏడిపించేది'. పైనాపిల్ పండులా ఒళ్లంతా కణుపులు, గుంటలు. కాబోయే కోడలి చేతికి ఈ దుంపను ఇచ్చి, తొక్కు మాత్రమే పోయేటట్లు తీయమని అత్తగారు పరీక్ష పెట్టేదట. కండ వృథా చేస్తే ఆ పిల్ల ఇంటికి పనికిరాదని తీర్పు. అత్తలు అన్ని దేశాలలోనూ అత్తలే కాబోలు!

ఇన్ని రకాలు ఎందుకు? రుచికోసం కొంత, ముచ్చటకోసం కొంత. కాని ముఖ్యంగా ప్రాణం కోసం. ఒక ఏడాది మంచు ముందుగా పడుతుంది. ఒక ఏడాది వడగళ్లు. ఒక ఏడాది వానే ఉండదు. ఒక ఏడాది తెగులు. మంచుకు చచ్చే రకం కరువుకు నిలుస్తుంది, కరువుకు చచ్చేది తెగులుకు నిలుస్తుంది. అన్నీ ఒకేసారి చావవు. అదిగాక కుటుంబానికి ఒకే చోట పెద్ద చేను ఉండదు. కొండ కింద ఒక చెక్క, నడుమ ఒక చెక్క, పైన ఒక చెక్క. నడిచి నడిచి కాళ్లు అరుగుతాయి, నిజమే. కాని పైన పోయినది కింద దొరుకుతుంది. చదువు లేనివారని లోకం తీసిపారేసిన ఆ రైతులు ఎంత లెక్క వేసుకొన్నారో చూడండి.

1532లో స్పెయిన్ సైనికులు ఆ దేశంమీద పడ్డారు. వారు బంగారం కోసం వచ్చారు గాని, వారి ఓడలలో దుంప కూడా ప్రయాణమై, 1570 ప్రాంతంలో ఐరోపా చేరింది. నాలుగు వేల రకాలలో చేరినవి గుప్పెడు. అక్కడ ఒక చిక్కు దాగి ఉంది. వరికి, జొన్నకు గింజ ఉన్నట్లు బంగాళాదుంపకు కూడా పూత పూసి కాయ కాస్తుంది. పచ్చి టమాటా పిందెలా ఉండే ఆ కాయలో గింజలుంటాయి. (పిల్లలను ఆ కాయ జోలికి పోనివ్వకూడదు, అది విషం.) కాని రైతు నాటేది గింజను కాదు, కన్ను ఉన్న దుంప ముక్కను. అలా పుట్టిన మొక్క తల్లికి బిడ్డ కాదు, తల్లే. ఒక దుంపనుంచి వంద, వందనుంచి లక్ష చేసినా, తెగులు దృష్టిలో అవన్నీ ఒక్క మొక్కే.

ఈ చిక్కు ఐర్లండు దేశంలో బయటపడింది.

ఐర్లండు భూములు చాలావరకు జమీందారులవి. కౌలు రైతు పండించిన గోధుమలు, ఓట్లు కౌలు కట్టడానికి పోయేవి. కూలివానికి అర ఎకరమో, ఎకరమో చెక్క దక్కేది. అందులో భార్యాపిల్లలను పోషించగల పంట దుంప ఒక్కటే. వారి సేద్యాన్ని ఆంగ్లేయులు ఎగతాళిగా 'సోమరి మడి' అన్నారు. ఆ మడి ఎలా చేస్తారో వింటే సోమరి ఎవరో తెలుస్తుంది. గడ్డి నేలమీద మూడు నాలుగు అడుగుల వెడల్పు పట్టీ గుర్తు పెట్టుకొని, దానిమీద పెంట, సముద్రతీరమైతే వీపుమీద మోసి తెచ్చిన సముద్రపు నాచు పరుస్తారు. దానిపై విత్తనపు ముక్కలు పేరుస్తారు. అటు ఇటు పారతో కాలువ తీసి, ఆ గడ్డిపెళ్లలను బోర్లించి మడిమీద కప్పుతారు. కింద గడ్డి కుళ్లి ఎరువవుతుంది. ఎడతెగని వాన నీరు కాలువలోకి జారిపోతుంది. రాతి గుట్టల మీద, బురద నేలల మీద కూడా ఇలా పంట తీశారు. ఆ మడుల చారలు ఐర్లండు కొండలమీద ఈనాటికీ కనబడతాయి.

కష్టపడే మగవాడు రోజుకు అయిదారు కిలోల దుంపలు తినేవాడు. తోడు మజ్జిగ. అంతే భోజనం. అయినా వారు ఏపుగా, ఆరోగ్యంగా ఉండేవారు. జూలై, ఆగస్టు నెలలలో పాత దుంప అయిపోయి కొత్తది చేతికిరాని రోజులు మాత్రం ఆకలి రోజులు. 1841 జనాభా లెక్కల నాటికి ఆ దేశంలో 81 లక్షల పైచిలుకు మంది. వారిలో సుమారు 30 లక్షలమందికి దుంపే ఆధారం. బీద నేలలో కూడా బాగా ఊరుతుందని వారంతా వేసినది 'లంపర్' అనే ఒకే రకం. వారిని అవివేకులనడం తప్పు. అర ఎకరంలో ఆరుగురి కడుపు నింపవలసినవానికి ఇరవై రకాలు ఏరుకొనే తీరిక ఎక్కడిది? ఎక్కువ ఊరేదే వేస్తాడు.

1845 సెప్టెంబరులో ఐర్లండు చేలల్లో ఆకులమీద నల్లమచ్చలు కనిపించాయి. దుంప తవ్వితే పైకి బాగానే ఉండి కొద్ది దినాలలో కుళ్లి కంపుకొట్టేది. ఆ ఏడు మూడింట ఒక వంతుకు పైగా పోయింది. మిగిలినదానిలోనే విత్తనం దాచుకొని, పస్తులుండి, 1846లో మళ్లీ నాటారు. మద్యపానానికి వ్యతిరేకంగా ఉద్యమం నడిపిన క్యాథలిక్ గురువు ఫాదర్ థియోబాల్డ్ మాథ్యూ ఆ ఏడాది జూలై 27న కార్క్ పట్టణం నుంచి డబ్లిన్‌కు వెళ్తూ దారి పొడుగునా పూతమీద కళకళలాడే చేలను చూశాడు. ఆగస్టు 3న తిరిగి వస్తూ అదే దారిలో కుళ్లిన ఆకుల బీడు చూశాడు. రైతులు తమ చేని గట్లమీద కూర్చొని చేతులు పిసుక్కొంటూ ఏడుస్తున్నారు. మధ్యలో గడిచినది ఒక్క వారం.

ఆ ఏడు పంట దాదాపు పూర్తిగా పోయింది. 1847లో తెగులు తగ్గింది గాని, నాటడానికి విత్తనమే లేదు. 1848లో తెగులు మళ్లీ వచ్చింది. పది లక్షలమంది ఆకలితో, ఆకలి వెంట వచ్చిన జ్వరాలతో చనిపోయారు. అంతకు తక్కువ కాకుండా ఓడలెక్కి దేశం విడిచిపోయారు. 1851 లెక్కలలో మిగిలినవారు 65 లక్షలు. ఈ సంవత్సరాలన్నిటా ఐర్లండు రేవులనుంచి ధాన్యం ఓడలు బయటికి వెళ్తూనే ఉన్నాయి.

ఇక్కడ మన ప్రొటెస్టంటు సంఘాల చరిత్రలోని కొన్ని సంగతులు దాచకుండా చెప్పుకోవాలి. ఇది దేవుని శిక్ష అని చాలా ప్రసంగపీఠాల నుంచి వినబడింది. 1847 మార్చి 24ను రాణి ఆజ్ఞతో ఉపవాస దినంగా పాటించారు. సహాయక పనులను చూసిన పెద్ద అధికారి చార్లెస్ ట్రెవెల్యాన్ కూడా దీనిలో దైవ సంకల్పాన్నే చూశాడు. ఈయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చి మన పూర్వికులను కూడా పాలించాడు.

అదే సమయంలో ఇంగ్లండులోని ఒక పల్లెటూరి ఆంగ్లికన్ గురువు వేరే పని చేస్తూ ఉన్నాడు. రెవరెండ్ మైల్స్ జోసెఫ్ బర్క్‌లీ. ఆయనకు బూజులను, శిలీంధ్రాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించడం ఇష్టం. తెగులు పట్టిన ఆకు కింద తెల్లని నూగువంటి బూజు చూశాడు. వానలకు నీరు తాగి మొక్క కుళ్లిందనీ, బూజు తరువాత చేరిందనీ నాటి పెద్ద శాస్త్రజ్ఞుడు జాన్ లిండ్లీ వాదించాడు. కాదు, ముందు వచ్చినది బూజే, చంపినది అదే అని బర్క్‌లీ 1846లో వ్రాశాడు. ఎక్కువమంది ఒప్పుకోలేదు. పదిహేనేండ్ల తరువాత, 1861లో జర్మను శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ ఆయన మాటే సత్యమని నిరూపించాడు. దీనినే మన రైతులు ఆకుమాడు తెగులు అంటారు. 1880ల తరువాత మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం దానికి మందైంది. ఆ మందు పేరు ఎరుగని తోట రైతు మనలో ఉండడు. బర్క్‌లీ ఉపవాసం ఉన్నాడో లేదో నాకు తెలియదు. ఆయన ఆకు తిప్పి చూశాడు. నాకు అదే ప్రార్థనగా తోస్తుంది.

క్వేకరు సహోదరులు ఊరూరా గంజి కాగులు పెట్టి, ఏ మతమని అడగకుండా పోశారు. టర్నిప్ వంటి ఇతర పంటల విత్తనాలు కూడా పంచారు. కాని కొన్నిచోట్ల సూపు కావాలంటే మా సంఘంలో చేరాలన్న ప్రొటెస్టంటులూ ఉన్నారు. అలా చేరినవారిని 'సూపు తాగినవారు' అని ఇరుగుపొరుగు తరతరాలు వెక్కిరించారు. ఈ మాట చదివినప్పుడు మన క్లౌ దొరగారు గుర్తుకు రాకుండా ఉండరు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని చూపించారు. బాప్తిస్మము కోరి వచ్చినవారిని మాత్రం, కూటికోసం చేరారన్న మాట రాకూడదని, కరువు తీరేవరకు ఆపి ఉంచారు. తరువాత 1878 జూలై 3న, ఒక్క దినములోనే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. గంజికి వెల కట్టకపోవడం ఎలాగో ఆయనకు తెలుసు.

దుంప కథలో మరొక పాస్టరుగారు ఉన్నారు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని యూటికా పట్టణంలో ప్రెస్బిటేరియన్ సేవకుడు రెవరెండ్ చాన్సీ గుడ్రిచ్. ముక్కలే నాటి నాటి దుంప ముసలిదైపోయింది, దాని పుట్టింటినుంచి కొత్త రక్తం తేవాలి అని ఆయన అనుకొన్నాడు. ముసలిదైందన్న మాట సరి కాదు గాని, చేసిన పని సరియైనదే. 1851లో దక్షిణ అమెరికా దుంపలు కొన్ని తెప్పించి, వాటి కాయలలోని గింజలు నాటి, వేలకొలది మొక్కలు పెంచి చూశాడు. 1853లో వాటినుంచి వచ్చిన 'గార్నెట్ చిలీ' అనే రకానికి మనుమరాలు, మునిమనుమరాలుగా అమెరికాలో పేరుపొందిన చాలా రకాలు పుట్టాయి. పట్నంలో పిల్లలు అడిగే పొడుగాటి ఫ్రెంచ్ ఫ్రైస్‌కు పేరుపొందిన రస్సెట్ బర్బ్యాంక్ దుంప వంశవృక్షంలో కూడా గుడ్రిచ్‌గారి దుంప ఉంది.

మన జహీరాబాదు, పలమనేరు ప్రాంతాల ఉర్లగడ్డ రైతులకు ఈ కథ దూరంది కాదు. వారి చేలల్లో కూడా పేరుకు ఒకటి రెండు రకాలే, విత్తనం ఏటేటా కొనవలసిందే. ఆకుమాడును తట్టుకొంటుందని 1968లో విడుదలైన కుఫ్రీ జ్యోతి రకం కాలక్రమేణా ఆ బలం చాలావరకు కోల్పోయింది. అదే జహీరాబాదు పరిసర గ్రామాలలో దళిత స్త్రీలు పాత జొన్నలు, కొర్రలు, పప్పుధాన్యాల విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాచి, ఒకే చెక్కలో పదిపదిహేను పంటలు కలిపి వేస్తున్నారు. వారితో పనిచేసే డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమానం వచ్చింది. ఆండీస్ అత్తగారు వీరిని చూస్తే వెంటనే గుర్తుపట్టేది.

ఆండీస్‌లో మాత్రం ఇప్పుడు కొత్త కష్టం వచ్చింది. వాతావరణం వేడెక్కుతూ ఉంది. కింద చెక్కలలో తెగుళ్లు, పురుగులు పెరిగి, రైతులు దుంపను ఏటికేడు పైకి తీసుకువెళ్తున్నారు. కాని కొండకు శిఖరమంటూ ఒకటి ఉంది, దానిపైన భూమి లేదు. కుస్కో దగ్గర పిసాక్ ప్రాంతంలో కొన్ని గ్రామాల వారు కలిసి తమ కొండలనే 'దుంపల వనం'గా కాపాడుకొంటున్నారు. లీమా నగరంలో 1971లో స్థాపించిన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రంతో 2004లో ఒప్పందం చేసుకొని, తాతలనాడు పోగొట్టుకొన్న వందల రకాలను తిరిగి ఊరికి తెచ్చుకొన్నారు.

అక్కడ దుంప తవ్వే కాలం మే, జూన్ నెలలు. ఆ దినాలలో ఇంటికి వెళ్లి వంట చేసే తీరిక ఉండదు. చేలోనే ఎండిన మట్టిపెళ్లలను గుండ్రంగా పేర్చి, చిన్న గూడులా కట్టి, లోపల మంట పెడతారు. పెళ్లలు ఎర్రగా కాలాక అందులో దుంపలు వేసి, గూటిని వాటిమీదే కూలగొడతారు. కాసేపటికి మట్టి తవ్వి, వేడివేడి దుంపలు ఊదుకొంటూ, బదులుకు వచ్చినవారు, ఇంటివారు చుట్టూ కూర్చొని తింటారు. భూమికి నైవేద్యం పెట్టే పాత ఆచారం చాలా ఇండ్లలో ఉంది. సువార్త సంఘాల వారి ఇండ్లలో ఆ స్థానంలో తలలు వంచి స్తుతి చెల్లిస్తారు.

తిన్న తరువాత ఇంటి పెద్దామె రాశి ముందు కూర్చొని వేరు చేస్తుంది. పెద్దవి వంటకు, బంధువులకు. నడిమివి, ఆరోగ్యంగా ఉన్నవి, ప్రతి రకానిదీ కొన్ని, విత్తనానికి. చిన్నవి, చేదువి 'చూన్యో'కు. వాటిని రాత్రి గడ్డిమీద పరిస్తే మంచుకు గడ్డకడతాయి. ఎండ రాగానే ఇంటిల్లిపాదీ వట్టి కాళ్లతో తొక్కి నీరు పిండుతారు. కొన్ని దినాలు అలా చేసి ఎండబెడితే గులకరాళ్లలా తేలికగా, నల్లగా అవుతాయి. అవి పదేండ్లయినా చెడవు. యోసేపు ఐగుప్తులో కొట్లు కట్టించాడు. ఈమెకు మూలనున్న ఉన్ని సంచి చాలు. కోడలు పక్కనే కూర్చొని ఏ దుంప ఏ కుప్పలోకో చూసి నేర్చుకొంటూ ఉంటుంది, విత్తనం కుప్పలోకి 'కోడలిని ఏడిపించేది' కూడా నాలుగు వేస్తూ.